కుందేటి కొమ్ముల లెక్క

దక్షిణ తెలంగాణ రాతి గుట్టల మీద పెరిగే కుందేటి కొమ్ముల మొక్కను వెతికి పట్టుకోవడం తేలిక కాదు. దానికి ఆకులుండవు. వచ్చినా చిన్న పొలుసుల్లా వచ్చి రాలిపోతాయి. చిటికెన వేలు లావున, నాలుగు పలకలుగా, జానెడు నుంచి మూరెడు ఎత్తున పచ్చటి కాడలు కొన్ని నిలబడి ఉంటాయి, అంతే. బండ నెర్రెలో గుప్పెడు మట్టి పోగైన చోటో, ముళ్లపొద మొదట్లోనో, గడ్డి దుబ్బుల మధ్యనో తలదాచుకుంటుంది. వానలు పడ్డాక కాడ చివర సన్నగా సాగి, దాని పొడవునా ఊదారంగు నక్షత్రాల్లాంటి చిన్న పూలు పూస్తాయి. తర్వాత కాయలు జంటజంటలుగా, సన్నగా, కొమ్ముల్లా లేస్తాయి. అవి పగిలితే పట్టులాంటి పింజ కట్టుకున్న విత్తనాలు గాలికి ఎగిరిపోతాయి. జిల్లేడు కాయ పగలడం చూసిన వాళ్లకు ఆ చుట్టరికం వెంటనే తెలిసిపోతుంది. రెండూ ఒకే కుటుంబం మొక్కలు.

యాదగిరిగుట్ట, భువనగిరి, రాచకొండ, దేవరకొండల చుట్టూ ఉన్నదంతా గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. ఏడాదికి 700, 800 మిల్లీమీటర్ల వాన పడినా, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. బండ మీద పడ్డ నీళ్లు నిలవవు, చూస్తుండగానే కిందికి జారిపోతాయి. మిగతా నెలలన్నీ ఎండ, గాలి, కాస్తంత మంచు. మే నెల మధ్యాహ్నం ఆ బండ మీద చెప్పుల్లేకుండా అడుగు వేయలేం.

ఇలాంటి చోట పువ్వు పూసే మొక్క గురించి విన్నప్పుడు వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చదివే అలవాటున్న వాళ్ల నోట వెంటనే వచ్చే మాట ఒకటుంది. ఎంత ఓర్పు, ఎంత పట్టుదల, మనమూ అలా ఎండకు తట్టుకుని నిలబడాలి అంటారు. ఆ మొక్క చేసే పని తెలిస్తే ఆ మాట అనరు. అది మధ్యాహ్నపు ఎండతో పోరాడదు. ఆ వేళ తలుపులన్నీ మూసుకుని ఉంటుంది. ఖర్చయ్యే పనంతా రాత్రికి అట్టిపెట్టుకుంటుంది. ఈ అధ్యాయం ఆ వేళాపాళా గురించే.

మొక్క ఏదైనా బతకాలంటే గాలిలోని బొగ్గుపులుసు వాయువు కావాలి. దాన్ని లోపలికి తీసుకోవాలంటే ఒంటి మీది సూక్ష్మ రంధ్రాలు తెరవాలి. తెరిచిన ప్రతిసారీ లోపలి నీరు ఆవిరై బయటికి పోతుంది. తిండి తెచ్చుకోవడానికి తలుపు తీస్తే ఇంట్లో నీళ్లు పోతాయన్నమాట. ఈ లెక్కను మొక్కలు మూడు రకాలుగా సరిచేసుకున్నాయి. ఒక గ్రాము బొగ్గుపులుసు వాయువు పట్టడానికి వరి, గోధుమ లాంటివి 400 నుంచి 500 గ్రాముల నీటిని పోగొట్టుకుంటాయి. జొన్న, మొక్కజొన్నలకు 250 నుంచి 300 గ్రాములు సరిపోతుంది. పాలమూరు, నల్లగొండ చెలకల్లో తాతల నాడు జొన్నే ఎందుకు ప్రధాన పంటగా ఉండేదో ఈ అంకెలే కొంత చెబుతాయి. మూడో రకం మొక్కలు 50 నుంచి 100 గ్రాములతోనే పని కానిస్తాయి. నాగజెముడు, కలబంద, అనాస, మన ఇళ్లల్లోని రణపాల ఈ వర్గానివి. కుందేటి కొమ్ముల చుట్టాలైన కండకాడల మొక్కలు కూడా ఈ దారిలోనే బతుకుతాయి.

వాటి రహస్యం తలుపు తీసే వేళలో ఉంది. రాత్రి గాలి చల్లగా ఉంటుంది, తేమ ఎక్కువ. అప్పుడు రంధ్రాలు తెరిస్తే పోయే నీరు చాలా తక్కువ. కానీ రాత్రి వెలుతురుండదు, వెలుతురు లేనిదే ఆహారం తయారు కాదు. అందుకని రాత్రి పట్టిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లోని సంచుల్లో దాచుకుంటాయి. తెల్లారగానే రంధ్రాలు మూసేసి, దాచిన ఆమ్లం నుంచి ఆ వాయువును మళ్లీ బయటికి తీసి, ఎండ వెలుగుతో లోపల్లోపలే వంట చేసుకుంటాయి. సరుకు తెచ్చుకోవడం ఒక వేళ, వండుకోవడం మరో వేళ. శాస్త్రవేత్తలు దీన్ని క్రాసులేసియన్ యాసిడ్ మెటబాలిజం అంటారు.

ఈ సంగతిని తొలినాళ్లలోనే గమనించిన వాళ్లలో ఒకరికి తెలుగు నేలతో సంబంధం ఉంది. బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రవేత్త 1790లలో ఇప్పటి కాకినాడ జిల్లా సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటల పని చూశాడు. రణపాల ఆకును నమిలి చూస్తే పొద్దున చుక్కకూరంత పులుపుగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటోందని ఆయన రాసిన ఉత్తరం 1815లో లండన్ లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రాత్రి పోగైన ఆమ్లం పగలు ఖర్చవుతోందని ఆ నాలుకకు తెలిసింది. దాని వెనకున్న రసాయన క్రియ పూర్తిగా తేలడానికి మరో శతాబ్దం పైనే పట్టింది. ఇంట్లో రణపాల కుండీ ఉన్నవాళ్లు ఇప్పుడైనా పరీక్షించుకోవచ్చు. ఆకు ముక్కను నాలుక చివర ఆనించి ఉమ్మేస్తే చాలు, మింగాల్సిన పని లేదు.

సామర్లకోటలో హేన్ కంటే ముందు ఆ బాధ్యత చూసిన విలియం రాక్స్‌బర్గ్‌ కుందేటి కొమ్ములను తొలిసారి శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశాడు. 1781 నుంచి 1793 దాకా అక్కడ ఉండి, భారతీయ చిత్రకారులతో వందలాది మొక్కల బొమ్మలు గీయించి, 1795లో వెలువడడం మొదలైన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో ఈ మొక్కను చేర్చాడు. స్థానికులు దీని కాడలను పచ్చివే తింటారని, తెలుగువాళ్లు దీన్ని కారల్లం అంటారని కూడా రాసుకున్నాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ ఈ రకం మొక్కలకు ఒక కొత్త ప్రజాతిని ఏర్పరిచినప్పుడు ఆ తెలుగు పేరునే తీసుకుని కారల్లూమా అని పెట్టాడు. ఆఫ్రికాలో, అరేబియాలో పెరిగే ఎన్నో మొక్కలను ఇవాళ ప్రపంచమంతా ఆ పేరుతోనే పిలుస్తోంది. మన గుట్టల మీద ఉండే రకం కారల్లూమా అడ్సెండెన్స్. దాని తోబుట్టువు కారల్లూమా అంబెల్లేటా. ముదురు ఊదా పూలు బంతిలా గుత్తికట్టి, కుళ్లిన మాంసం వాసనతో ఈగలను పిలిచే మొక్క అది. తేనెటీగల కోసం పోటీ పడడం మాని, బండల మీద ఎప్పుడూ తిరిగే ఈగలతోనే పరాగసంపర్కం జరిపించుకుంటుంది.

మహారాష్ట్ర సహ్యాద్రి కొండల్లో దీని దగ్గరి చుట్టం ఒకటుంది. శివనేరి కోట కొండ మీద కూడా పెరిగే ఆ అరుదైన మొక్కను అక్కడివాళ్లు శివసుమన్ అంటారు. శాస్త్రనామం ఫ్రెరియా ఇండికా. వానకాలంలో దానికి ఆకులొస్తాయి. ఆ ఆకులు అన్ని మొక్కల్లాగే పగలు తలుపులు తెరిచి, నీళ్లు ధారాళంగా ఖర్చుపెట్టి ఎదుగుతాయి. కాడ మాత్రం రాత్రి పద్ధతిలోనే పనిచేస్తుంది. వానలు వెనకబడగానే ఆకుల్ని రాల్చేసి, కాడ మీదే బతుకు వెళ్లదీస్తుంది. 1977లో ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు దీన్ని పరిశీలించి ఒకే మొక్కలో రెండు పద్ధతులూ ఉన్నాయని చూపించారు. ఉన్నప్పుడు ఎలా ఖర్చుపెట్టాలో, లేనప్పుడు ఎలా ముడుచుకోవాలో తెలిసిన మొక్క. ఎప్పుడూ పొదుపే మంచిదని మనుషులకు చెప్పేవాళ్లు ఈ మొక్కను ఒకసారి చూడాలి. వాన కురుస్తున్నప్పుడు కూడా ముడుచుకుని కూర్చుంటే ఎదుగుదల ఉండదు.

ఇక మనుషుల సంగతి.

2013లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డర్ షఫీర్, జియాయింగ్ ఝావో అనే నలుగురు తమిళనాడులో 464 మంది చెరకు రైతులను రెండుసార్లు పరీక్షించారు. పంట డబ్బు రాకముందు, అప్పులతో గుంజాటన పడుతున్నప్పుడు ఒకసారి. డబ్బు చేతికొచ్చాక మరోసారి. ప్రశ్నలు తెలివిని, ఏకాగ్రతను కొలిచే రకం. అదే రైతు, అదే బుర్ర. అయినా డబ్బు వచ్చాక ఫలితాలు స్పష్టంగా మెరుగుపడ్డాయి. రాత్రంతా నిద్ర లేకపోతే బుర్ర ఎంత మందగిస్తుందో దాదాపు అంత తేడా అని పరిశోధకులు అంచనా వేశారు. కష్టకాలంలో తప్పుడు నిర్ణయం తీసుకున్నవాణ్ని చూసి తెలివి లేదనుకోవడం అన్యాయమని ఈ ఫలితం చెబుతోంది. అతడు నిర్ణయం తీసుకున్న వేళ అలాంటిది.

మన దగ్గర దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. దేశంలోని పెద్ద పెద్ద ప్రాజెక్టులకు మట్టి మోసిన పాలమూరు వలస కూలీల బతుకులో అన్నిటికంటే బరువైన నిర్ణయం ఒకటుండేది. అది గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోవడం. ఇంట్లో గింజలు అయిపోయినప్పుడు, పెళ్లో జబ్బో మీద పడ్డప్పుడు చేతికొచ్చిన ఆ కొద్ది డబ్బు నెలల తరబడి పనికి కట్టిపడేసేది. గంటల లెక్క లేదు, కూలి రేటు అడిగే హక్కు లేదు. ఆ నిర్ణయం తీసుకున్నది సరిగ్గా మండుటెండ వేళ. తప్పు వాళ్ల తెలివిది కాదు. చల్లటి వేళ దాచుకోవడానికి ఏమీ మిగలనివ్వని బతుకుది. పొదుపు సంఘాల మహిళలు వారం వారం పది, ఇరవై రూపాయలు జమ చేసుకోవడం మొదలుపెట్టాక పల్లెల్లో మారినవాటిలో ఇదొకటి. ఆపద వచ్చిన రోజు వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా సంఘం అప్పు దొరకడం. గుట్ట మీద కూడా కుందేటి కొమ్ముల లేత మొలకలు ఒంటరిగా కంటే ముళ్లపొద నీడలోనే ఎక్కువగా బతికి బట్టకడతాయి.

చల్లటి వేళ నిర్ణయం తీసుకోవడం వల్ల ఒరిగేదేమిటో కెన్యాలో కొలిచి చూశారు. పశ్చిమ కెన్యా మొక్కజొన్న రైతులు ఎరువు వేస్తే లాభమని తెలిసినా వేసేవాళ్లు కాదు. సీజన్ వచ్చేనాటికి చేతిలో డబ్బుండదు. ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రేమర్, జొనాథన్ రాబిన్సన్ ఒక చిన్న మార్పు చేశారు. కోతలు కాగానే, డబ్బు ఇంకా చేతిలో ఉండగానే రైతు ఇంటికి వెళ్లి, ఇప్పుడే కొనుక్కుంటే ఎరువు ఉచితంగా ఇంటికి చేరుస్తామన్నారు. ఎరువు వాడకం బాగా పెరిగింది. అదే ఉచిత రవాణాను సీజన్ మొదలయ్యాక ఇస్తే అంత ఫలితం రాలేదు. అప్పుడు అంత ఫలితం రావాలంటే సగం ధర తగ్గించాల్సి వచ్చింది. 2011లో అచ్చయిన ఈ పరిశోధన చేసిన ముగ్గురిలో డుఫ్లో, క్రేమర్ 2019లో అభిజిత్ బెనర్జీతో కలిసి నోబెల్ అందుకున్నారు. ఇక్కడ రైతును మార్చలేదు, ఎరువును మార్చలేదు, అడిగే రోజును మార్చారు.

ఈ అధ్యాయం చదివే వారు మొదట చేయాల్సింది తమ మండుటెండ వేళ ఏదో గుర్తుపట్టడం. అది గడియారంలో మధ్యాహ్నమే కానక్కర్లేదు. ఉద్యోగికి నెల చివరి వారం కావచ్చు. రైతుకు విత్తనాలు కొనే జూన్ కావచ్చు. పరీక్షలు రాసే పిల్లలకు రాత్రి పదకొండు దాటిన తర్వాత, గృహిణికి అందరినీ బయటికి పంపే పొద్దుటి గంట. ఆ వేళ చిన్న పని కూడా పెద్ద ఖర్చు పెట్టిస్తుంది. ఓ మాట తూలుతుంది, ఓ సంతకం పడిపోతుంది, ఓ అప్పు నెత్తికెక్కుతుంది. వారం పది రోజులు ఒక నోటు పుస్తకంలో, ఎప్పుడు విసుగొచ్చిందో, ఎప్పుడు డబ్బు అనవసరంగా పోయిందో, ఏ మాట అన్నాక బాధ కలిగిందో, గంటతో సహా రాసుకుంటే చాలామందికి ఒక వరస కనిపిస్తుంది. నిజాయితీగా రాస్తే ఆ వరస చూసి ఆశ్చర్యపోతారు కూడా. దాన్ని దిద్దడానికి తొందరపడకూడదు. ముందు చూడటం నేర్చుకోవాలి.

తర్వాతి పని, ఆ వేళలో పడే పనులను చల్లటి వేళకు జరపడం. జీతం పడిన రోజే పిల్లల ఫీజు డబ్బు వేరే ఖాతాలోకి పంపాలి. నెలాఖరుకు మిగిలితే పంపుదామనుకుంటే ఆ రోజు రాదు. పంట అమ్మిన వారంలోనే వచ్చే కారుకు విత్తనాల ఖర్చు తీసి పక్కన పెట్టాలి. కోపంగా ఉన్నప్పుడు జవాబు రాయాల్సి వస్తే రాసి దాచుకుని, మర్నాడు పొద్దున చదివి పంపాలి. హామీ సంతకాలు, పెళ్లి ఖర్చుల ఒప్పందాలు, భూమి అమ్మకాలు ఒకే పూటలో, అందులోనూ బంధువుల మధ్య కూర్చుని తేల్చకూడదు. రేపు చెబుతాననే మాటకు మర్యాద తక్కువేమీ కాదు. ఆ ఒక్క మాట చాలా ఇళ్లను నిలబెట్టింది.

శరీరానికి కూడా ఇదే లెక్క. 2015 మే నెల వడగాలుల్లో తెలంగాణలో ఎక్కువ మరణాలు నమోదైన జిల్లాల్లో నల్లగొండ ఒకటి. ఆ తర్వాత నుంచి అధికారులు ఏటా ఎండ ముదిరిన గంటల్లో బయటి పనులు చేయొద్దని హెచ్చరిస్తున్నారు. ఉపాధి హామీ పనులు వేసవిలో తెల్లవారుజామునే మొదలవుతున్నాయి. గీత కార్మికులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తాడెక్కడం పొద్దుగాల, పొద్దుగూకేటప్పుడు.  ఎండలో పనిచేస్తేనే కష్టపడినట్టని నమ్మే మేస్త్రీలు, మేనేజర్లు, తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. ఆ నమ్మకం మనుషుల ప్రాణాలు తీసింది.

భువనగిరి బండ మీద శిక్షణ పొందిన ఇద్దరు పిల్లలు కూడా చీకటి వేళ విలువను ప్రపంచంలోకెల్లా ఎత్తైన చోట చూశారు. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ రాళ్లెక్కడం నేర్చుకున్నది భువనగిరి కోట ఉన్న ఆ ఏకశిల దగ్గరే. తర్వాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ. 2014 మే 25 ఉదయం ఇద్దరూ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కేవాళ్లు ఆఖరి శిబిరం నుంచి సాధారణంగా రాత్రిపూటే బయలుదేరతారు. పగలు ముదిరే కొద్దీ గాలులు, వాతావరణం ఎదురు తిరుగుతాయని, వెలుతురు ఉండగానే కిందికి దిగాలని అలా చేస్తారు. ముందే అనుకున్న వేళ దాటితే శిఖరం ఎదురుగా ఉన్నా వెనక్కి తిరగాలనేది కొండెక్కేవాళ్ల కట్టుబాటు. దాన్ని పాటించనందుకు ప్రాణాలు పోయిన సందర్భాలు ఎవరెస్టు చరిత్రలో ఉన్నాయి.

వేళ కోసం ఆగడం అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని అనుకునేవాళ్లు ఆలేరు దగ్గరి శారాజీపేట సంగతి తెలుసుకోవాలి. యాదగిరిగుట్టకు ఇది పొరుగూరే. ఆ ఊరి చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం బడి మధ్యలోనే మానేశాడు. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చట్రం మీద మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చేయి ఆడాలి. నాలుగైదు గంటల పని. తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూసి, ఆ పని చేసే యంత్రం తయారుచేయాలని 1992లో మొదలుపెట్టాడు. డబ్బు లేదు, చదువు లేదు, ఊళ్లో వెక్కిరింతలకు కొదవ లేదు. యంత్రంలో కొన్ని భాగాలు తయారయ్యాయి, తర్వాత పని ఆగిపోయింది. హైదరాబాద్ వెళ్లి కూలి పనిలో చేరాడు. జీతంలో మిగిలినదానితో ఒక్కో భాగం చేయించుకుంటూ వచ్చాడు. 1999లో ఒక కార్ఖానాలో పనిచేస్తుండగా అక్కడి యంత్రం కదలిక చూసి, తన యంత్రంలో తెగని చిక్కు విప్పుకున్నాడు. ఆసు పని గంటన్నరకు దిగింది. యంత్రానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

ఆ ఏడేళ్లను ఏకధాటి పోరాటంగా చెబితే వినడానికి బాగుంటుంది గానీ, జరిగింది అది కాదు. చేతిలో డబ్బున్నప్పుడు పని కదిలింది, లేనప్పుడు ఆగింది. ఆగిన రోజుల్లో అతడు వేరే పని చేసి కుటుంబాన్ని పోషించుకున్నాడు, కళ్లు మాత్రం తెరిచి ఉంచాడు. ఇదే ఈ అధ్యాయం చెప్పదలచుకున్న విషయంలో గుండెకాయ లాంటిది. ఆగిన పనిని వదిలేసిన పనిగా లెక్కగట్టి చాలామంది తమను తాము శిక్షించుకుంటారు. సివిల్స్‌కు ఒక ఏడాది చదవలేకపోయిన కుర్రవాడు, పిల్లలు పుట్టాక సంగీతం ఆపిన తల్లి, అప్పు తీరేదాకా చదువు వాయిదా వేసుకున్న అన్న. వాళ్లలో ఎవరు ఆగారో, ఎవరు వదిలేశారో బయటివాళ్లకు తెలియదు. ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ఆగిన పని కోసం ఇప్పటికీ ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా, పక్కన దాస్తున్నారా? వారానికి ఒక పాఠమో, నెలకు వంద రూపాయలో, ఒక పరిచయమో. దాస్తూ ఉంటే అది ఆగిన పనే.

ఈ పద్ధతికి ధర ఉంది. దాన్ని దాచిపెట్టడం పాఠకులను మోసం చేయడమే. రాత్రి పట్టిన ఆమ్లం దాచుకునే సంచికి ఒక హద్దుంటుంది. అందుకే ఇలాంటి మొక్కలు మెల్లగా పెరుగుతాయి. సారవంతమైన తడి నేలలో పెడితే గడ్డీ గాదం వాటిని కప్పేస్తాయి. వేళ చూసుకుని పనిచేసే మనిషి కూడా కొన్ని అవకాశాలు పోగొట్టుకుంటాడు. అప్పటికప్పుడు ఒప్పుకుని లాభపడ్డ పక్కవాణ్ని చూసి మనసు చివుక్కుమంటుంది. వాన దండిగా ఉన్న చోట, అంటే డబ్బు, తోడు, ఆరోగ్యం అన్నీ ఉన్న దశలో, ఇంత జాగ్రత్త అక్కర్లేదు, శివసుమన్‌లా ఆకులు విప్పడమే సరి. నీళ్లు లేని బండ మీద ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్క తప్పితే మరో దారి లేదు.

మొక్క గురించి ఒక హెచ్చరిక కూడా అవసరం. దీని రసం ఆకలిని చంపుతుందన్న పేరుతో కారల్లూమా సారం బరువు తగ్గించే గొట్టం మాత్రల రూపంలో ప్రపంచమంతా అమ్ముడవుతోంది. 2007లో బెంగళూరులో 50 మంది మీద 60 రోజులు జరిగిన పరీక్షలో నడుము చుట్టుకొలత, ఆకలి తగ్గాయి గానీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో దీని తోబుట్టువుల నుంచి నొప్పి, వాపు తగ్గించే గుణమున్న పదార్థాన్ని వేరుచేసి 1998లో ప్రకటించారు, అదీ జంతువుల మీద చేసిన ప్రయోగాలతో. పచ్చడి చేసుకుని తినడం పల్లెల్లో పాత అలవాటే. షుగరుకు మందని నమ్మి, మాత్రలు మానేసి దీన్ని నమలడం మాత్రం ప్రమాదం.

ఇంట్లో పెంచుకోవాలనుకునే వారు గుట్ట మీద నుంచి పెకిలించి తేవద్దు. పెంచుతున్న వాళ్ల దగ్గర ఒక కాడ ముక్క అడిగితే చాలు. కోసిన చోట నీడలో ఓ వారం ఆరనిచ్చి, సగం ముతక ఇసుకా సగం మట్టీ కలిపిన, అడుగున రంధ్రమున్న కుండీలో నాటాలి. పొద్దుటి ఎండ తగలాలి. మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు. ప్రేమతో రోజూ పోసేవాళ్ల చేతుల్లోనే ఈ మొక్కలు కుళ్లి చచ్చిపోతాయి.

గుట్టల మీద వాటికి అసలు ఆపద వేరే ఉంది. రెవెన్యూ రికార్డుల్లో ఖాళీ బండగా, బంజరుగా కనిపించే చోటే క్వారీ లీజులు పడతాయి, కంకర మిషన్లు వస్తాయి. హైదరాబాద్‌లో 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ నగరం చుట్టూ బండలను కాపాడాలని ఏళ్లుగా పోరాడుతోంది. పల్లెల్లో ఆ పని చేసే గొంతులు తక్కువ. మంచి మనసుతో మొక్కలు నాటడానికి గుంతలు తవ్వేవాళ్లు కూడా పలకల బండ మీది మట్టి పాకెట్లను వదిలేయడం మంచిది. అక్కడ ఉన్న మొక్కలకు కొత్త మొక్కలు సాయం కావు.

స్వాతి నక్షత్రం రోజు యాదగిరిగుట్టకు గిరిప్రదక్షిణకు వచ్చేవారు, వానకాలంలో భువనగిరి కోట, రాచకొండ చూడటానికి వెళ్లేవారు, బండ నెర్రెల వైపు ఒకసారి వంగి చూడండి. కనిపిస్తే ఫొటో తీసుకుని మొక్కను అక్కడే వదిలేయండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్లో ఉన్న మొక్కలు, జంతువుల రిజిస్టరు రాయడం దాని పని. మీ పంచాయతీ ఆఫీసుకు వెళ్లి ఆ రిజిస్టరులో కుందేటి కొమ్ముల పేరు ఉందో లేదో అడగండి. లేకపోతే ఎక్కించమని రాతపూర్వకంగా ఇవ్వండి.